సీసాలో పెట్రోలు, ఒళ్లో బతుకమ్మ

పెట్రోలును సీసాలో పోసి, దాన్ని కారు లోపల వేలాడదీసి, అది ఎక్కడ అయిపోతే అక్కడ దిగి "ఇదీ దీని మైలేజీ" అని తేల్చుకునే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు. వాళ్ల కార్లలో ఒక తెర వెలుగుతుంటుంది, లీటరుకు ఎంత పోతున్నదో అదే చెప్తుంది, అది చెప్పిందే వేదం. నేను చెప్తే మాత్రం "తాతా, నువ్వు జర ఊకో" అంటారు. నేనెందుకు ఊకోవాలి? పదో తరగతి దగ్గర బడి నన్ను వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. ఆదివారం పూట కోఠి ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్మే పాత ఇంగ్లీషు మోటారు పత్రికలు కొనుక్కొని, పక్కన డిక్షనరీ పెట్టుకొని, ఒక్కో మాటా తవ్వుకుంటూ ఇంజను విద్యను సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. (ఆ డిక్షనరీ కూడా ఫుట్‌పాత్ సరుకే. అందులో 'పి' అక్షరం కాగితాలు ఎవరో చింపుకుపోయారు. అందుకని పిస్టన్ సంగతి నాకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది.)

మా మేనమామకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పోచంపల్లి దిక్కు నించి వచ్చి, మగ్గం దిగి దుకాణమెక్కిన కుటుంబం మాది. నా ఉద్యోగం, గిరాకీ కూర్చున్నంతసేపూ చీరలు విప్పడం, లేచిపోయాక మడతపెట్టడం. అట్లాంటి నా బతుకులోకి ఒకరోజు మామ ఒక ఎర్ర కారును తీసుకొచ్చాడు. ఎవరో నవాబుగారి మనవడు రేసుల పిచ్చితో ఇంగ్లండు నించి తెప్పించుకొని, పెళ్లయ్యాక ఆ పిచ్చి వదిలి అమ్ముకున్న కారు అది. రెండే తలుపులు, పొట్టిది, పక్కన నిలబడితే కప్పు నా ఛాతీ దాకా వచ్చేది. లోపల మాత్రం ఒకటికి రెండు కార్బురేటర్లు. మామకు కార్బురేటర్లతో పనిలేదు, అసలు నడపడమే రాదు. "దుకాణం ముంగట ఎర్రగ నిలబడితే సాలు రా, గిరాకీ దానంతటదే ఒస్తది" అని కొన్నాడు. నడిపేది నేను. తొక్కితే వీపు సీటుకు అంటుకుపోయేది. దానికి మేం పెట్టుకున్న పేరు మిరపకాయ. పగలంతా జరీ అంచులు సవరించే చేతులతో సాయంత్రం ఆ స్టీరింగు పట్టుకుంటే, నేను ఎవరి మేనల్లుణ్ణీ కాను, ఎవరి దుకాణంలోనూ పనివాణ్ణి కాను అనిపించేది. ఇంతకంటే విడమర్చి చెప్పలేను.

అయితే మిరపకాయకు తాగుడు అలవాటు. పెట్రోలు బంకువాడు మమ్మల్ని చూస్తే లేచి నిలబడేవాడు. మామ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు, ఆ పైన పక్క హోటలాయన మామ చెవిలో ఊదడం మొదలుపెట్టాడు. హోటలాయనది గుంటూరు వైపు. ఆయన్ని బజారంతా బాబాయ్‌గారు అని పిలిచేది. మిరపకాయ మీద ఆయనకు మొదటి నించీ కన్ను. "కారన్నాక పరిగెత్తాలండీ, ఈ లీటర్ల లెక్కేంటండీ, అదేమన్నా గేదా?" అనేవాడు మామతో. "మీకు బరువైతే చెప్పండి, నేను తీసేసుకుంటాను." మామ ఒకనాడు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి తీర్పు చెప్పాడు: "అల్లుడా, సీసెడు పెట్రోలు పోస్త. దానితోని దుకాణం కాడి నుంచి హయత్‌నగర్ దాంక పోవాలె. పోయిందా, కారుంటది. నడుమల ఆగిందా, ఆగిన కాడనే తాళంచెవి బాబాయ్‌గారికి. దసరా లోపల తేలాలె."

ఇక చూడండి నా పాండిత్యం. పత్రికల్లో రాసిందంతా మిరపకాయ మీద ప్రయోగించాను. టైర్లలో గాలి ఎంత బిగించానంటే, రోడ్డు మీద వేరుశనగ గింజ ఉన్నా మామ తల కప్పుకు తగిలేది. ఇంజనుకు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందేట్టు స్క్రూలు తిప్పాను. అది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు తుపాకీలా పేలేసరికి, టికెట్ల కోసం నిలబడ్డవాళ్లంతా వరస విడిచి పరిగెత్తారు. (ఆ గొడవలో ఖాళీ బస్సులో హాయిగా సీటు దొరికిందని ఒకాయన తర్వాత నాకు దండం పెట్టాడు.) బరువు తగ్గిస్తే మైలేజీ పెరుగుతుందని ఒక వ్యాసంలో చదివి స్టెప్నీ తీసేశాను, జాకీ తీసేశాను, చివరికి వెనక సీటు కూడా ఊడదీసి దుకాణంలో గిరాకీ కూర్చోడానికి వేశాను. మామ నాకు ఇంజనీర్ సాబ్ అని పేరుపెట్టాడు. అందులో మర్యాదేమీ లేదు.

ఇంత చేసి, టాంకీ గొట్టం విప్పి సీసా గొట్టం బిగించి, రెండుసార్లు పరీక్షకు బయల్దేరాను. మొదటిసారి ఎల్బీనగర్ చౌరస్తా దాటి చింతలకుంట దగ్గర దగ్గి ఆగిపోయింది. రెండోసారి చింతలకుంట కూడా అందలేదు. దానికి కారణం కొత్తపేట దగ్గర నా వెనక హారన్ కొట్టిన బస్సు. రేసు కారుకు బస్సు హారన్ కొట్టడమా? తొక్కాను. అప్పుడొక ఆటోవాడు పక్కనించి తొంగిచూసి నవ్వాడు. మళ్లీ తొక్కాను. ఇంజనులో ఏ దోషమూ లేదని ఈ రోజుకీ అంటాను.

దసరా ముంచుకొచ్చింది. మామ ఏ పనికీ విడిగా పెట్రోలు తగలెయ్యడు కదా, సద్దుల బతుకమ్మ నాడు అత్తమ్మ తన పుట్టింటికి హయత్‌నగర్ పోవాల్సి ఉంటే, ఆఖరి పరీక్ష కూడా అందులోనే కలిపేశాడు. అత్తమ్మకు మాత్రం చెప్పలేదు. "చెప్తే బస్సుల పోత అంటది" అన్నాడు. సాయంత్రం అత్తమ్మ ఇంట్లోనించి వచ్చింది. ముందు తాంబాలం వచ్చింది, తాంబాలం మీద తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా ఎక్కుకుంటూ పోయిన బతుకమ్మ వచ్చింది, దాని వెనకెక్కడో అత్తమ్మ గొంతు వచ్చింది.

"ఎనక సీటేది రా?"

"తీసేసిన అత్తమ్మా. బరువు."

"బరువా? నన్ను గూడ తీసేస్తవా ఏంది?"

మామ గబగబా ఒక చీరల మూట వెనక వేసి, "కూసో, సీటు కంటే మెత్తగుంటది" అన్నాడు. ఆమె మూట మీద కూర్చొని, తాంబాలం ఒళ్లో పెట్టుకుంది. శిఖరాన ఉన్న పసుపు గౌరమ్మకూ కారు కప్పుకూ మధ్య చెయ్యి దూరేంత సందు కూడా లేదు. "ఇగో అల్లుడా" అన్నది. "మా వదిన ఈ యేడు గంపలకు గంపలు తంగేడు తెప్పిచ్చిందట. ఆమె ముంగట నా బతుకమ్మది ఒక్క పువ్వు వంగినా సరే, బతుకమ్మతో పాటు నీ కారును గూడ నీళ్లల్ల కలుపుత."

బయల్దేరాం. ముందు సీట్లో మామ, ఎదురుగా వేలాడే సీసాను శివలింగాన్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. పెట్రోలు పక్కన చుట్ట కాల్చొద్దన్నానని అప్పటికే నా మీద కోపంగా ఉన్నాడు. వెనక స్కూటరు మీద బాబాయ్‌గారు, కాళ్ల దగ్గర పెట్రోలు డబ్బాతో సహా. కారు ఎక్కడాగితే అక్కడ పోసుకొని ఇంటికి తోలుకుపోదామని ఆయన ఏర్పాటు. అలవాటు కొద్దీ నేను కొంచెం గట్టిగా తొక్కానో లేదో, వెనకనించి అరుపు: "కాలు తియ్యి! గౌరమ్మ ఊగుతున్నది!" తీశాను. "ముంగట బర్రె ఉన్నది, కనవడతలేదా? ఇప్పటిసంది మెల్లగ కానియ్యి, దాని కాడికి పోయి బిరీకు తొక్కుతవు మళ్ల." ఎక్కడో ఉంది ఆ బర్రె. పూల సందుల్లోనించి ఆమెకు ఎట్లా కనిపించిందో! మేం చేరేసరికి అదే తప్పుకుంది, నేను బ్రేకు ముట్టుకోనే లేదు.

కొత్తపేట దగ్గర బాబాయ్‌గారు స్కూటరు మీద మమ్మల్ని దాటాడు. దాటి, వెనక్కి తిరిగి, "ఏవండీ, పెళ్లి ఊరేగింపా?" అన్నాడు. నా కాలు దానంతటదే కిందికి పోయింది.

"కాలు తియ్యమన్ననా!"

"అత్తమ్మా, స్కూటరు! స్కూటరు మనల్ని దాటుతున్నది!"

"దాటనియ్యి. హోటల్ల చట్నీ మాడుతున్నదేమో పాపం."

ఆ రోజు నన్ను స్కూటర్లు దాటాయి, ఆటోలు దాటాయి, గడ్డిమోపు కట్టుకొని పోయే ఒక సైకిలువాడు పక్కపక్కనే చాలాదూరం వచ్చి మామతో వానల సంగతి మాట్లాడాడు. నేను పళ్లు కొరుక్కుంటూ, నిద్రపోతున్న పసిపిల్ల మీద చెయ్యి వేసినంత మెత్తగా పాదం పెట్టి నడిపాను. ఎల్బీనగర్ చౌరస్తా వెళ్లిపోయింది. చింతలకుంట వచ్చింది. మొదటిసారి ఆగిన చోటు! కారు దగ్గలేదు, ఆగలేదు. "దాటింది మామా!" అని అరిచాను.

"ఏం దాటింది?" అన్నది అత్తమ్మ.

"ఏం లేదు" అన్నాడు మామ.

"గా సీసల ఏందది? కల్లా?"

"పెట్రోలు" అన్నాను, ఇక దాచలేక.

"టాంకీల పొయ్యాల్సింది సీసల ఎందుకు పోసిండ్రు?"

సంగతంతా చెప్పాల్సి వచ్చింది. "అంటే" అన్నది అత్తమ్మ, "నడి తొవ్వల గిది ఆగితే, మా వదిన చూస్తుండంగ, బతుకమ్మను నెత్తిన పెట్టుకొని నేను నడిచి పోవాల్నన్నమాట." మామ సీసా వైపే చూస్తూ, "ఆగదు" అన్నాడు. "ఆగితే మీ ఇద్దరి సంగతి చూస్త" అని, అక్కణ్ణించి ఆమె సారథ్యం తీసుకుంది. దిగుడు వస్తే "ఒదిలెయ్యి", ఎక్కుడు వస్తే "జర జర, ఉరకకు", ఎడ్లబండి కనిపిస్తే "ఇప్పటిసందే". నాది స్టీరింగు పట్టుకున్న చెయ్యి మాత్రమే.

వనస్థలిపురం మలుపు దాటాక సీసాలో అడుగున ఇంత మిగిలింది. హయత్‌నగర్ మొదటి ఇళ్లు కనిపిస్తుండగా మామ "అయిపోయింది" అన్నాడు, ఎవరో పోయినట్టు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. న్యూట్రల్‌లో వేశాను. అక్కడ రోడ్డు కొంచెం దిగుడు. మిరపకాయ చప్పుడు లేకుండా, తన జన్మలో ఎప్పుడూ లేనంత మర్యాదగా దొర్లుతూ పోయి, బస్టాపు దాటి, అత్తమ్మ పుట్టింటి ఆడవాళ్లు గుమిగూడి ఉన్న చోట ఆగింది.

బాబాయ్‌గారు స్కూటరు స్టాండు వేసి పరిగెత్తుకొచ్చాడు. "ఇంజనాగిపోయాక దొర్లింది లెక్కకు రాదండీ!"

"కారు హయత్‌నగర్ ఒచ్చిందా, రాలేదా?" అన్నాడు మామ, అప్పటికే చుట్ట వెలిగిస్తూ.

"వచ్చిందండీ."

"సీసల ఉన్నది గాక ఒక్క సుక్క పోసినమా?"

"లేదండీ."

"మరింకేంది? ఆ డబ్బా ఇటియ్యుండ్రి, మేం ఇంటికి పోవాలె గద."

అవతల అత్తమ్మ దిగింది. ఒక్క గునుగు పువ్వు కదల్లేదు. వాళ్ల వదిన బతుకమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, వంక ఎక్కడా దొరక్క, "గౌరమ్మకు పసుపు జర ఎక్కువైంది" అన్నది. అత్తమ్మ మొహం చూడాల్సింది! చప్పట్లు, పాటలు మొదలయ్యాయి. నేను మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను, నా స్క్రూలు, నా టైర్లు, నా పత్రికలు ఇంతకాలానికి గెలిచాయని. మామ నా చేతిలో ఇంత ప్రసాదం, తియ్యటి మలీద ముద్ద పెట్టి, "కారు నడిపింది నువ్వు గాదు రా, మీ అత్త" అన్నాడు.

ఎంత అన్యాయమో చూడండి. ఆ మాట బజారంతా పాకింది. నేను సహించలేక, మరునాడే దాన్ని అబద్ధమని రుజువు చెయ్యడానికి, అత్తమ్మ లేకుండా, బతుకమ్మ లేకుండా, సీసా కట్టుకొని ఒంటరిగా బయల్దేరాను. చింతలకుంట దగ్గర ఆగిపోయింది. (కొత్తపేటలో అదే ఆటోవాడు కనిపించాడు. మనిషినన్నాక ఎంతని ఓర్చుకుంటాను?) ఇక అప్పటినించీ దుకాణం పని మీద కారు బయటికి తియ్యాలంటే, వెనక అత్తమ్మ ఉండాలి, ఆమె ఒళ్లో పొంగించిన పాలగిన్నో, పచ్చిపులుసు గిన్నో, ఏదో ఒకటి ఉండాలి అని మామ చట్టం చేశాడు. ఆ చట్టం కింద మిరపకాయ చాలా ఏళ్లు మాతోనే ఉంది, విడిసామాను దొరకడం మానేసేదాకా. ఆ ఏళ్లన్నీ నేను అత్తమ్మతో ఆ విషయం మీద వాదిస్తూనే ఉన్నాను. ఆమె పోయాక వాదించడానికి ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు మా మనవరాలికి ఒక చిన్న కారుంది. ఎర్రదే. టర్బో అట, తొక్కితే వీపు సీటుకు అంటుకుపోతుంది. "మైలేజీ అస్సలు ఒస్తలేదు తాతా, పరేషాన్ అయితున్నది" అని రోజూ ఏడుస్తుంది గానీ, నా మాట వినదు. మొన్న సద్దుల బతుకమ్మకు హయత్‌నగర్ పోవాలని తనే పేర్చింది, కొంచెం వంకరగా ఉన్నా ఎత్తుగానే పేర్చింది. పట్టుకునేవాళ్లెవరూ లేక ముందు సీట్లో నా ఒళ్లో పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద ఎవరో బైకువాడు దాటగానే పిల్ల కాలు కిందికి పోయింది, గౌరమ్మ ఊగింది, నా నోట్లోనించి ఒక అరుపు వచ్చింది. "కాలు తియ్యి!" అది నా గొంతు కాదు. ఆ తర్వాత ఎల్బీనగర్ ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు "జర జర, ఉరకకు", దిగేటప్పుడు "ఒదిలెయ్యి", దూరాన బస్సు ఆగితే "ఇప్పటిసందే". చింతలకుంట ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

హయత్‌నగర్‌లో ఆపి, తెర చూసి, మనవరాలు కేక పెట్టింది. అంత అంకె తన కారు ఎప్పుడూ చూపించలేదట. "చూసినవా తాతా! నిన్న టైర్లల్ల గాలి మంచిగ బిగిపిచ్చిన. పేపర్ల గదే రాసిండ్రు. నేను చెప్తనే ఉన్న, అంత టెక్నిక్!"

నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్ల వ్యాజ్యం, సాక్ష్యాలతో సహా, మొత్తం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిన తీరు చూశాను. "ఔ బిడ్డా" అన్నాను, "గాలే." బతుకమ్మను జాగ్రత్తగా ఆమె చేతికిచ్చాను. ఒక్క పువ్వూ వంగలేదు. గౌరమ్మకు పసుపు మాత్రం జర ఎక్కువైంది.