వానలో కప్ప

వీడియో ఆటలకు చప్పుళ్ళు చేసిపెట్టే ఆ మనిషి, వింటున్నప్పుడు కళ్ళు మూసుకుని నోరు మాత్రం చేపలా తెరుస్తాడు. ఆటలో వాన ఆగకుండా కురవాలి. ఇతను రికార్డు చేసి తెచ్చుకున్నది అర నిమిషం వాన. దాని తోకను తలకు అతికించి తిప్పుతూ ఉండాలి. అతుకు దగ్గర టిక్కుమంటోందని కంపెనీవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. ఈ సాయంత్రం కూడా కుదరకపోతే పని ఇంకొకరికి పోతుంది. పొద్దుటి నుంచి వెంట్రుకవాసి చొప్పున కోసి, కలిపి, ఆ టిక్కును చంపాడు. పక్కనే చొక్కాలకు కాజాలు కుడుతున్న అక్కకు గర్వంగా వినిపించాడు.

"అతుకు ఎక్కడుందో చెప్పు చూద్దాం!"

"అతుకు సంగతి దేవుడెరుగు. ఆ కప్పకేమొచ్చిందిరా? ఒక్క కాజా పూర్తయ్యేలోపు నాలుగుసార్లు అరిచింది. నాలుగుసార్లూ అదే అరుపు!"

"అసలు సిసలు కప్ప, అక్కా! మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆ అరుపు పట్టుకొచ్చాను."

"పట్టుకొస్తే నెత్తిన పెట్టుకో. వాన మళ్ళీ మొదటికొచ్చిందని చాటింపు వేస్తోందది."

మొహం మాడ్చుకుని మళ్ళీ విన్నాడు. ఇక కప్ప తప్ప మరేమీ వినపడలేదు. ముద్దుగా తెచ్చుకున్న అరుపును కోసి పారేసి, ఆ చోట ఉత్త వాన నింపి, మళ్ళీ మోగించాడు. వాన ఆగకుండా మోగుతుండగానే అరగంట గడిచింది. అక్క ఏం వంక పెడుతుందోనని చూశాడు. ఆవిడ ఇంకో చొక్కా అందుకుంటూ, "ఇల్లింత చడీచప్పుడు లేకుండా ఉందేమిట్రా, ఏదైనా మాట్లాడు" అంది.

ఆ మాట వినగానే అతను వానను కంపెనీకి పంపేశాడు.