మన దేశంలో లేని ఆట

జనగామలో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా ఫోన్‌లో ఒక ఆట ఆడేదాన్ని. అది మన దేశంలో విడుదలే కాలేదు. ఫోన్ సింగపూర్‌లో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకుని ఆడేవాళ్లం. మా జట్టులో ఐదుగురం అమ్మాయిలం. గొంతులే తప్ప ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

ఆ ఆదివారం ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో సెమీఫైనల్. మా ఊరు దేవరుప్పులలో మా ఇంటి డాబా మీద సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతూ ఆడుతున్నాను. ఇంకాసేపట్లో గెలుస్తామనగా వీపీఎన్ తెగిపోయింది. ‘ఈ ఆట మీ దేశంలో అందుబాటులో లేదు’ అని తెర మీద వచ్చింది. మళ్లీ కలపడానికి ప్రయత్నించాను.

మెట్లెక్కి వచ్చిన బాపు, “ఏంది బిడ్డా, గంత పరేషాన్ అయితున్నవ్?” అన్నాడు.

“జర ఆగు బాపూ!” అని అరిచాను.

మూడోసారికి కలిసింది. ఆటలో నా బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. మిగతా నలుగురూ దాని చుట్టూ నిలబడి దెబ్బలు తింటున్నారు.

“నా కోసం ఎందుకు ఆగిండ్రు? ముందుకు పోతే గెలుస్తుంటిమి గదా!” అన్నాను మైకులో, ఏడుపు ఆపుకుంటూ.

“నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతం అక్కా?” అంది భూపాలపల్లి నుంచి ఆడే అనిత.

ఓడిపోయాం. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా ఆటంటే గెలవడమే అనుకునేదాన్ని. మరుసటి ఆదివారం భూపాలపల్లి బస్సెక్కి, అనితను మొదటిసారి చూసి వచ్చాను.