లారీ ఎక్కని ఉమ్సునాయ్

కొండల నడుమ ఉన్న తాష్‌బులాక్ ఊళ్ళో చలికాలం ముగిసిన సంగతి ముందుగా చెప్పేది గుర్రాలే. పై లోయలో మంచును గిట్టలతో తవ్వుకుని, అడుగున దాగిన ఎండుగడ్డి తిని బతికిన మంద ఒక పొద్దున కొండ భుజం మీంచి కిందికి దిగుతుంది. అంతవరకు మూగగా ఉన్న లోయకు ఒక్కసారిగా గొంతు వస్తుంది. జనం బయటికి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరి గుర్రం ఎక్కడుందో వెతుక్కుంటారు. నెలల తరబడి జీను మొహం చూడని జంతువులవి. మనిషి బరువు ఎలా ఉంటుందో మరిచిపోయి ఉంటాయి. గాలి కాస్త గట్టిగా వీచినా వాటి చర్మం అలలు అలలుగా వణుకుతుంది.

ఆ ఏడు ఉమ్సునాయ్ చేతికర్ర పట్టుకుని గుమ్మం దాటింది.

ఆకులు రాలే కాలంలో మందను కిందికి తోలుకొస్తుండగా జారుడుబండ మీద ఆమె గుర్రం పడింది. ఆమె ఎడమ కాలు దాని కింద నలిగింది. ఎముక అతికింది గాని మోకాలు వంగడం మానేసింది. చలికాలమంతా పొయ్యి పక్కన కాలు చాపుకుని, కిటికీ అద్దం మీద పేరుకున్న మంచును చూస్తూ గడిపింది. ఆ తెల్లటి గీతల్లో ఆమెకు కొండదారులే కనబడేవి.

గుర్రాన్ని పక్కనబెట్టి ఉమ్సునాయ్ గురించి చెప్పడం కుదరదు. జడలు భుజాలు దాటని వయసులోనే ఎవరూ లొంగదీయలేని గుర్రపుపిల్లల మీద ఆమెను కూర్చోబెట్టేవారు. ఆడపిల్ల ముందు దౌడు తీస్తే మగవాడు వెంటబడి పట్టుకోవలసిన పందెంలో, పట్టుకోలేక వెనక్కి తిరిగిన కాసిమ్‌ను ఆనవాయితీ ప్రకారం కొరడాతో మైదానమంతా తరిమింది. దెబ్బలు తిన్న అతన్నే తరువాత పెళ్ళాడింది. కూతురు కెంజె కడుపులో ఉన్నప్పుడు జీను మీదే కనుమ దాటింది. కాసిమ్ పోయాక కూడా, ప్రతి వసంతంలో ఇంటిల్లిపాదీ జైలూకు, అంటే ఎండాకాలపు కొండమేతకు తరలేటప్పుడు మంద ముందు నడిచే గుర్రం ఆమెదే. తెల్లటి తలగుడ్డ ముందు, ఆమె వెనుక గుర్రాలు, గొర్రెలు, దుమ్ము. ఆ చోటు ఆమెకు ఎవరూ ఇచ్చింది కాదు. ఇల్లు కదిలితే ఇంటి పెద్దావిడ ముందుండాలి, అంతే.

ఆ చోటు మీదే ఇప్పుడు ఆమె మరిది తుర్దుబెక్ కన్ను పడింది.

"వదినా, ఈసారి నువ్వు లారీలో వచ్చెయ్" అన్నాడు పాలు కలిపిన టీ జుర్రుకుంటూ. "డ్రైవర్ పక్క సీటు నీకే. పరుపు కూడా వేయిస్తా."

"పొయ్యి గొట్టాలూ, పిండి బస్తాలూ, నేనూనా?"

"చంటిపిల్లలు కూడా ఉంటారుగా."

"ఓహో. ఇంకా నడక రానివాళ్ళూ, ఇక నడవలేనివాళ్ళూ ఒక్క బండిలో. బాగానే సర్దావు."

"బూరుల్‌ని నేనెక్కుతాను. కుర్ర గుర్రం, ఊరికే నిలబెడితే పాడవుతుంది."

బూరుల్ ఆమె గుర్రం. ఎరుపులో తెలుపు చల్లినట్టుండే ఒళ్ళు, ఎవరినీ నమ్మని కళ్ళు.

"నువ్వా?" ఉమ్సునాయ్ నవ్వింది. "మొన్న నీ ముసలి గుర్రమే నిన్ను కాలవలో దింపి ఇంటికొచ్చింది కదా?"

"నవ్వుకో, నవ్వుకో. ముందు ఆ మోకాలు వంచి చూపించు."

ఆమె గిన్నెలో మళ్ళీ టీ పోసింది. ఈ ఏడు లారీ ఎక్కితే మరుసటేడు కూడా లారీయేనని ఆమెకు తెలుసు. ఆ పై ఏడు అడిగేవాళ్ళు కూడా ఉండరు.

మంద దిగిన మర్నాడు అల్లుడు ఎర్నిస్ అత్తగారికి ఒక ఉపకారం చేశాడు. పట్నంలో పుట్టి పెరిగి, బండి తోలి బతికేవాడు, మనసు మంచివాడు. బూరుల్ తోకలో చలికాలపు ముళ్ళకాయలన్నీ చిక్కుకుని రోకలిబండలా గట్టిపడి ఉంటే చూడలేకపోయాడు. గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చి తోక జుట్టును పైకంటా కోసేసి, గుర్రాన్ని వాకిట్లో గుంజకు కట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

అప్పుడే ఆ దారిన గుర్రం మీద వస్తున్న పొరుగింటి ఇమానాలి తోక తెగిన గుర్రాన్ని చూశాడు. మనిషి పోతేనే అతని గుర్రం తోక కోస్తారు. ఇమానాలికి ఇంకేమీ అడగవలసిన పని లేకపోయింది. చావుకబురు తెలిసిన మగవాడు చేయవలసింది చేశాడు. గుర్రాన్ని అదిలించి, జీను మీద పక్కకు ఒరిగిపోతూ, గొంతెత్తి ఏడుస్తూ దౌడు మీద వాకిట్లోకి వచ్చాడు.

"అయ్యో నా అక్కా! కొండలాంటి అక్కా! మమ్మల్నిలా వదిలేసి పోయావా!"

కర్ర ఒక చేత్తో, కుడితి బకెట్టు ఒక చేత్తో ఉమ్సునాయ్ బయటికి వచ్చింది.

"ఎవర్రా పోయింది?"

ఇమానాలి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "అక్కా... నువ్వే."

"నాకెవరూ చెప్పలేదే."

"తోక... అదుగో, తోక కోసేసి ఉందే!"

ఆమె చూసింది. బకెట్టు కింద పెట్టింది. ఎర్నిస్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, నవ్వు మొహంతో వచ్చాడు.

"ఎలా ఉంది అత్తయ్యా? శుభ్రంగా లేదూ?"

వెనకే వచ్చిన కెంజె నెత్తి కొట్టుకుంది. "ఏం చేశావో తెలుసా నీకు? మా అమ్మని చంపేశావు!"

ఏడుపు విన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ళు నవ్వబోయి, తోకను చూసి ఆగిపోయారు. తుర్దుబెక్ కూడా వచ్చాడు. తలమీది టోపీ సర్దుకుని, మొహం బరువుగా పెట్టుకున్నాడు.

"ఇక మాటల్లేవు వదినా. తోక తెగిన గుర్రాన్ని దాని మనిషి ఎక్కకూడదు. ఇది నా మాట కాదు, పెద్దలనాటిది."

"పెద్దలు చచ్చినవాళ్ళ గుర్రాలకి కోశారు. నేను చచ్చానా? ఇమానాలీ, దగ్గరికొచ్చి వాసన చూసి చెప్పు."

"శకునం వదినా..."

"శకునం నీకు భలే కలిసొచ్చింది మరిదిగారూ!" ఆమె కర్రను గుంజకు ఆనించింది. "కెంజె, జీను పట్రా."

ఎవరూ కదల్లేదు. ఆమె కూతురు వైపు మరొకసారి చూసింది. కెంజె లోపలికి పరుగెత్తింది.

ఊరి వెనక, ఎండ తగలని వాగులో మంచు ఇంకా మనిషి నడుములోతు ఉంది. చలికాలం తరువాత పొగరుమీదున్న గుర్రాన్ని మొదటిసారి అక్కడే ఎక్కుతారు. ఎగరాలని చూస్తే మంచు కాళ్ళు పట్టుకుంటుంది, పడితే మంచే ఒడి పడుతుంది. బూరుల్‌ను అక్కడికి నడిపించారు. ఊరు సగం వెంట వచ్చింది. ఎడమ రికాబు పట్టీని చివరి రంధ్రం దాకా దించమని ఉమ్సునాయ్ అల్లుడికి చెప్పింది. తరువాత మంచులో కుంటుకుంటూ గుర్రం చుట్టూ తిరిగి, అందరూ ఎక్కే ఎడమవైపు వదిలేసి కుడివైపున నిలబడింది.

"అటునుంచా?" తుర్దుబెక్ అరిచాడు. "దొంగలు కూడా కుడివైపు నుంచి ఎక్కరు!"

"దొంగలకి రెండు కాళ్ళూ వంగుతాయి."

కుడి పాదం రికాబులో పెట్టింది. వంగని ఎడమ కాలు గేటు కమ్మీలా వెనక నుంచి గుర్రం మీదుగా తిరిగింది. రాని వైపు నుంచి వచ్చిన బరువుకు బూరుల్ బెదిరింది. వెన్ను విల్లులా వంచి ఒక్క దూకు దూకింది. ఉమ్సునాయ్ మంచులో వెల్లకిలా పడింది.

కెంజె ముందుకు పరుగెత్తింది.

"అక్కడే ఉండు!" మంచు ఉమ్మేస్తూ అరిచింది తల్లి. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరైనా చెయ్యి అందిస్తారేమోనని ఆమె చూడలేదు. తలగుడ్డ జారిపోయి, నెరిసిన జుట్టు మీద మంచు మెరుస్తోంది. పగ్గం మాత్రం పిడికిట్లోనే ఉంది.

మళ్ళీ కుడివైపు. మళ్ళీ రికాబు. ఈసారి గుర్రం మెడ మీదికి వంగి, జూలులో వేళ్ళు ముడేసి, దాని చెవిలో తిట్టడం మొదలుపెట్టింది.

"నీకు తోక పోయింది, నాకు మోకాలు పోయింది. ఇంకేం పోతుందిరా నీ మొహం? ఎగురు, ఎంత ఎగురుతావో ఎగురు!"

అది ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ మంచు దాన్ని కిందికి లాక్కుంది. తెల్లటి పొడి లేచి ఇద్దరినీ కప్పేసింది, విడిచింది, మళ్ళీ కప్పింది. గట్టు మీదివాళ్ళకు కాసేపు గుర్రం వేరుగా, మనిషి వేరుగా కనబడలేదు. ఒక వసంతమేదో నేలలోంచి బయటపడటానికి పెనుగులాడుతున్నట్టుంది. చివరికి గుర్రం ఆగింది. ఒళ్ళంతా ఆవిరి. దాని చెవుల్లో ఒకటి వెనక్కి, ఆమె గొంతు వైపు తిరిగింది.

ఆమె మడమ తాకించింది. బూరుల్ వాగు దాటి, గోధుమరంగు గడ్డి మీదికి ఎక్కి, దౌడందుకుంది. ఆమె ఆపలేదు. ఎదుటి గుట్ట కొన దాకా పోనిచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అడ్డదారి వదిలేసి ఊరి నడివీధిలోంచి వచ్చింది, ప్రతి ఇంటి ముందూ కాస్త నెమ్మదిస్తూ.

"అక్కా, నా ఏడుపు నాకు ఇచ్చెయ్!" అన్నాడు ఇమానాలి.

"దాచుకో. ఎప్పుడో పనికొస్తుంది."

తరలే రోజు లారీ పొగలు చిమ్ముతూ సిద్ధంగా ఉంది. జనం టీలు తాగి బయటికి వచ్చేసరికి ఉమ్సునాయ్ దొడ్డిగోడ ఆసరాతో ఎక్కి అప్పటికే జీను మీద ఉంది.

తుర్దుబెక్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, దారి పొడుగు. మధ్యలో దిగావంటే చదునునేల మీద ఇది నిన్ను మళ్ళీ ఎక్కనివ్వదు. అందరి ముందూ ఎందుకు?"

"అందుకే దిగను."

దిగలేదు. ఏటి దగ్గర మంద మొరాయిస్తే ముందు నీళ్ళలోకి దిగింది బూరుల్. దాని వెనకే మిగతావన్నీ దిగాయి. మధ్యాహ్నం అందరూ గడ్డిలో కూర్చుని రొట్టె తింటుంటే కెంజె టీ గిన్నె పైకందించింది. ఉమ్సునాయ్ పెదవులు తడుపుకుని తిరిగిచ్చేసింది. దిగని మనిషి ఎక్కువ తాగకూడదు. కనుమ మీద గాలికి మోకాలిలో మేకు దిగ్గొట్టినట్టయింది. ఆమె పళ్ళు బిగించి, నడక రాక లారీలో వెళుతున్నవాళ్ళకు చెయ్యి ఊపింది.

పొద్దు వాలుతుండగా జైలూ కనబడింది. కరిగిన మంచు నీళ్ళు పాయలు పాయలుగా మెరుస్తున్నాయి. గడ్డి అప్పుడే పచ్చబడుతోంది. మగవాళ్ళు దిగి గుడారం కర్రలు దించడం మొదలుపెట్టారు. తుర్దుబెక్ మాత్రం తన గుర్రాన్ని వదిలేసి ఆమె దగ్గరికి వచ్చాడు, కుడివైపుకు. రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. సాయం లేకుండా దిగడం ఆమెవల్ల కాదని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

"రా వదినా. పొద్దుటినుంచి మీదే ఉన్నావు."

ఉమ్సునాయ్ అతని చేతుల వైపు చూసింది. ఆ తరువాత తను తీసుకొచ్చిన మంద వైపు చూసింది.

"ముందు వెళ్ళి గుర్రాలకి నీళ్ళు చూపించు" అంది. "నేను దిగినప్పుడు దిగుతాను."

తుర్దుబెక్ చేతులు దించుకుని నీళ్ళ వైపు నడిచాడు. ఆమె బూరుల్‌ను మెల్లగా తిప్పి, గడ్డి మీద మరో చుట్టు తిరగడానికి వెళ్ళింది.