పేరు చెప్పమన్న ఆదివారం

బాపట్ల కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరంలో మాకు ఒక పాత ఇంగ్లీషు నవల పాఠంగా ఉండేది. పరాయి మగవాడితో తప్పు చేసిందని ఒక స్త్రీని ఊరంతా నిలబెట్టి తీర్పు చెప్పడం, ఆమె ఆ మగవాడి పేరు బయటపెట్టకపోవడం అందులో కథ. ఎనభైల చివరి మాట. తెనాలి పక్కన మా ఊరి నుంచి రోజూ పాసింజరులో వెళ్లొచ్చేదాన్ని. నవల సగంలో ఉండగా మా చర్చి సంఘంలోనే అలాంటిది జరిగింది.

మా ఇంటి వెనక గదిలో ఒక టీచరమ్మ అద్దెకుండేది. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. చిన్నప్పుడు సండేస్కూల్లో నాకు పాటలు నేర్పింది ఆవిడే. ఆవిడకు నెల తప్పిందన్న సంగతి ముందు పంపు దగ్గర, తర్వాత గుడిలో గుప్పుమంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎవర్నీ వెళ్లొద్దన్నారు. ఆవిణ్ణి ముందుకు పిలిచారు.

"ఎవరో చెప్పమ్మా. చెబితే సంఘం క్షమిస్తుంది," అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"చెప్పనండి," అంది ఆవిడ.

చెప్పాల్సిన పేరు అడిగినాయనదే. అది నాకు తెలుసు. అంతకు మూణ్ణెల్ల కిందట రేపల్లెలో మా పిన్ని ఇంటి నుంచి తిరిగొస్తుంటే, స్టేషన్లో చివరి బెంచీ మీద ఇద్దరూ కనిపించారు. ఆవిడ ఏడుస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

ఇప్పుడు గుడిలో కూడా ఆయన చూపు ఆడవాళ్ల వైపు తిరిగి నా దగ్గర ఆగింది. పాటల పుస్తకం తెరిచి అందులోకి తల దూర్చాను. ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు.

ఆవిడకు గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ప్రభు భోజనం ఆపేశారు. పిల్లల్ని ఆవిడ దగ్గర ట్యూషను మాన్పించారు. మా అమ్మ కూర గిన్నె పంపడం మానేసింది.

మంగళవారం ఆయన మా ఇంటికొచ్చాడు. నాన్నతో మాట్లాడి వెళ్తూ గుమ్మంలో నా దగ్గర ఆగాడు.

"రోజూ బండిలో ఒక్కదానివే వెళ్తున్నావంట కదమ్మా. జాగ్రత్త. ఆడపిల్ల గురించి ఎవరైనా ఏదైనా అనొచ్చు. ఒకసారి అన్నాక ఎవరు తుడుస్తారు?"

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు బండిలో ఏ మగపిల్లాడు పక్కన నిలబడినా పెట్టె మారిపోయేదాన్ని. క్లాసులో ఆ నవల చెబుతూ మా సార్, "ఊరికి ఆ పేరు ఎందుకు కావాలి?" అని నన్నే లేపి అడిగితే తెలియదన్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ లేకుండా చూసి వెనక గదికి వెళ్లాను. ఆవిడ పెట్టె సర్దుకుంటోంది. అడవులదీవిలో వాళ్లక్క దగ్గరకు వెళ్లిపోతోందట.

"రేపల్లెలో చూశావు కదూ?" అంది.

"చూశానండి. ఎవరికీ చెప్పలేదు టీచర్ గారూ."

నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ చేతిలోని చీరను మడత పెట్టడం ఆపింది.

"నేను చెప్పనన్నాను. నిన్ను చెప్పొద్దని నేనెప్పుడన్నానే?"

గుమ్మం దాటి వచ్చేశాను. ఆ సాయంత్రం వంటింట్లో అమ్మకు మొత్తం చెప్పేశాను. అమ్మ గబగబా తలుపు గడియ వేసింది.

"ఇంకోసారి ఆ మాట నోట్లోంచి రానిచ్చావంటే నీ చదువు ఆగిపోద్ది. నీకేం కనపళ్లేదు. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వెళ్లిపోయింది. రిక్షా దాకా పెట్టె మోయడానికి కూడా ఎవరూ వెళ్లలేదు. కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నేనూ కదల్లేదు. ఆయన చనిపోయేదాకా సంఘ పెద్దగానే ఉన్నాడు.

తొంభైల్లో రేపల్లెలో లెక్చరర్‌గా నాలుగేళ్లు పనిచేశాను. ఆవిడకు ఆడపిల్ల పుట్టిందనీ, అడవులదీవిలోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతోందనీ తెలిసింది. ఒక్క బస్సు దూరం. ఎదురుపడితే ఆ రోజు పెట్టె సర్దుతూ అడిగిన మాటే మళ్లీ అడుగుతుందేమోనన్న భయంతో ఒక్కసారీ వెళ్లలేదు.