ఫ్యానుకూ టీవీకీ

గుంతకల్లు స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, ఏ పవర్ స్టేషన్ కొనాలా అని ఫోనులో చూస్తున్నాను. కరెంటు పోతే ఇంట్లో వాడుకునే బ్యాటరీ పెట్టె అది. పక్కనున్న మనిషి తొంగి చూశాడు.

"ఇంటికేనా అన్నా? ఏమేమి నడపల్ల?"

ఎవడో ఏజెంటు, పెద్దది అంటగట్టాలని వచ్చాడనుకున్నాను. నిజానికది నాయన ఆక్సిజన్ మిషన్ కోసం. ఆ మాట చెబితే భయపెట్టి మరీ అమ్ముతాడని, "ఫ్యాను, టీవీ" అన్నాను.

"అంతేనా? ఇంగేమీ లేదు గదా?"

"లేదప్పా. నీకెంత కమీషన్ వస్తాది?"

ఆయన నవ్వాడు. "నాకేమొస్తాదన్నా, నా రైలే రాలేదు. ఫ్యానుకూ టీవీకీ అయితే చిన్నది సాలు. పెద్దది దుడ్లు దండగ."

ఏజెంటే చిన్నది చాలన్నాడు కదా అని అదే కొన్నాను. తొలిసారి కరెంటు పోయినప్పుడే, కరెంటు తిరిగి రాకముందే అది ఆగిపోయింది. ఊపిరాడని నాయనను ఆటోలో ఆస్పత్రికి చేర్చి బతికించుకున్నాము. స్టేషన్లో ఒకడు నన్ను మోసం చేశాడని ఇంట్లో చెప్పాను.

ఆయన మోసం చేయలేదు. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అబద్ధం చెప్పింది నేనే.

నిన్న కరెంటు పోయినప్పుడు కూడా నాయన, "వాని నోట్లో మన్ను పొయ్య" అని ఆయన్నే తిట్టాడు. తర్వాత కొన్న పెద్ద పెట్టెకు మిషన్ తగిలిస్తూ నేను ఊ కొట్టాను.