ఖాదర్ వలి భుజం

మిర్చి యార్డులో కొత్తగా చేరినవాడు మొదటి వారం తుమ్ముతాడు, రెండో వారం దగ్గుతాడు, మూడో వారానికి నోరు మూసుకుంటాడు. ఖాదర్ వలి నోరు మూసుకుని ముప్పై ఏళ్లయింది. కంట్లో కారం పడి నీళ్లు ధారగా కారుతున్నా, ఎవరైనా అడిగితే "ఏం లేదు" అనేవాడు. మంటగా ఉందన్న హమాలీని ముఠాలో మిగతావాళ్లు వారం రోజులు ఏడిపిస్తారు. అదో పౌరుషం. దానివల్ల కంచంలో నాలుగు మెతుకులు ఎక్కువ పడవు గానీ, మగవాళ్లకు ఎవరు చెప్పగలరు?

ఫిబ్రవరిలో ఒకరోజు టిక్కీని, అదే, నలభై కిలోల పైచిలుకు మిరపకాయల గోతాన్ని, పేర్చిన గోతాల నెట్టు మీదికి ఎక్కిస్తుంటే కాలు జారి కుడిభుజం మీద పడ్డాడు. ఎముక విరగలేదు, కండరం చిరిగింది, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు ఎముకల డాక్టరు. టిక్కీ వీపుకెత్తుకోవాలంటే కుడిచెయ్యి చెవి దాటి వెనక్కి వెళ్లి గోతం మూల పట్టుకోవాలి. నమాజుకు చేతులెత్తబోతే ఎడమది చెవి దగ్గరికి వెళుతోంది, కుడిది చొక్కా బొత్తాం దగ్గరే ఆగిపోతోంది.

"ఏప్రిల్ నెలాఖరుదాకా నీ చోటు ఆపుతాన్రా ఖాదరూ. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు ముఠామేస్త్రి సుభానీ. సుభానీ మంచివాడే. సీజను మాత్రం ఎవరికోసమూ ఆగదు.

ఫిజియోథెరపీ చేసే జాస్మిన్‌ది బ్రాడీపేటలో రెండు కోచింగ్ సెంటర్ల నడుమ మేడమీద గది. ఆమె తల్లి ప్రేమమ్మ కోల్డ్ స్టోరేజీల్లో మిరప తొడిమలు తీసి కూతుర్ని చదివించింది. జాస్మిన్ ముందు పావుగంట కరెంటు మిషను పెట్టేది, తర్వాత తన చేతులతో భుజం కదిలించేది. ఖాదర్ వలికి మిషను తెగ నచ్చింది. లైట్లు వెలగడం, కూత కూయడం, భుజంలో చీమలు పాకినట్టుండటం, వైద్యమంటే అట్టా ఉండాలి.

"మిషను నొప్పిని కాసేపు జోకొడుతుంది బాబాయ్. ఆ సందులో బిగుసుకున్న కీలుని నా చేత్తో కదిలించాలి" అని జాస్మిన్ చెబుతూనే ఉంది. వింటేగా! ఇంటికెళ్లి భార్య కరీమున్‌తో, "మిషనుదే అంతా. చెయ్యిదేముంది, నువ్వూ పిసకగలవు" అన్నాడు.

కరీమున్ ఆ మాట పట్టుకుంది. ఆమెదీ తొడిమల పనే. పగలంతా మిరపకాయల ముందు కూర్చుని, సాయంత్రం వచ్చి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, నూనె వేడిచేసి అరగంట భుజం మర్దనా చేసేది. ఎంత కడిగినా ఆ వేళ్లలో కారం ఉండిపోతుందని ఆమెకు గుర్తే లేదు. ఇరవై ఏళ్లుగా ఆ వేళ్లకు మంట తెలియదు మరి. ఖాదర్ వలి భుజం మాత్రం భగ్గుమంది.

"ఎట్టా ఉందయ్యా?" అంది.

"హాయిగా ఉంది" అన్నాడు. పిచ్చి మనిషి, అది విని ఇంకో పది నిమిషాలు పిసికింది.

నీళ్లు పడితే మంట రేగుతోందని అతను ఆ భుజం తప్పించి స్నానం చేసేవాడు. పొద్దున క్లినిక్‌లో ఎర్రగా కందిన చర్మం చూసి జాస్మిన్ కంగారుపడింది.

"కరెంటు ఎక్కువైందా బాబాయ్?"

"ఏం లేదమ్మా."

కరెంటు తగ్గించింది. ఎరుపు తగ్గలేదు. భుజానికి అంటించే ప్యాడ్లు మార్చింది, కంపెనీ మనిషిని పిలిపించి మిషను చూపించింది. లోపమేమీ లేదన్నాడతను. ఆ చర్మం మీద మిషనూ వద్దు, చెయ్యీ వద్దని పదిరోజులు రెండూ ఆపేసింది. భుజం మళ్లీ బిగిసింది. తన చేతకానితనమేనని ఆ పిల్ల కుమిలిపోతుంటే ఖాదర్ వలికి జాలేసింది. చెబితే కరీమున్ పేరు చెప్పాలి. మిషనుకు పెళ్లామా పిల్లలా, నింద మోస్తే దానికేం పోయిందని ఊరుకున్నాడు. ఇంట్లో మర్దనా మాత్రం ఆగలేదు.

పదకొండో రోజు జాస్మిన్ ఉండబట్టలేక, కందినచోటు మీద నెమ్మదిగా వేళ్లు ఆనించి చూసింది. అతను మొహం కదపలేదు గానీ కాలివేళ్లు ముడుచుకున్నాయి. "నొప్పి లేదంటారే!" అంటూ కళ్లమీద పడ్డ జుట్టు అదే చేత్తో వెనక్కి తోసుకుంది. మరుక్షణం కన్ను మూసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డాక్టరమ్మ కన్ను పట్టేసింది.

"ఇది కరెంటు కాదు బాబాయ్, కారం! చిన్నప్పుడు మా అమ్మ నాకు ఒళ్లు రుద్దితే ఇట్టాగే మండేది. ఇంట్లో పిన్ని పిసుకుతోంది కదూ? పిలిపించండి."

సంగతి విని కరీమున్ బావురుమంది. "ఇన్నాళ్లూ నేనా నిన్ను కాల్చింది? మండుతోందంటే నోరు పడిపోద్దా?"

"పగలంతా కూర్చుని నడుం విరిగి వస్తావు. వచ్చి నాకు పిసుకుతున్నావు. ఎట్టా చెప్పేదే?" అన్నాడు.

"మీరు ఏం లేదంటే మిషను అదే నమ్ముద్ది బాబాయ్. చెయ్యి కాస్త కనిపెడుతుంది గానీ దానికీ అన్నీ తెలియవు" అంది జాస్మిన్. "అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. నొప్పంటే నొప్పనండి."

ఆ రోజునుంచి మర్దనా బంద్. కరీమున్ తన చేతులకు నూనె పట్టించి, శనగపిండితో రుద్ది కడిగి, జాస్మిన్ చూపించినట్టు అతని మోచేతికి తువ్వాలు చుట్టి పైకెత్తేది. "నొప్పి" అనగానే ఆపేది. మొదట్లో ఆ మాట అనడానికి ఖాదర్ వలికి చెమటలు పట్టేవి. వంటింటి గోడమీద అతని వేళ్లు అందినచోటల్లా ఆమె పెన్సిలు గీత గీసింది. చర్మం మానాక క్లినిక్‌లో మిషనూ, చెయ్యీ రెండూ మళ్లీ మొదలయ్యాయి. ఏప్రిల్ మూడోవారంలో ఒక తెల్లవారుజామున నమాజుకు చేతులెత్తితే రెండూ చెవుల దగ్గరే ఆగాయి. వెనకనుంచి చూసిన కరీమున్ ఆ రోజు టీలో చక్కెర రెండింతలు వేసింది.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా యార్డుకెళ్లాడు. ముఠా అంతా చూస్తుండగా టిక్కీ వీపుకెత్తుకుని, చెయ్యి చెవి దాటించి మూల పట్టుకున్నాడు. పది టిక్కీలు మోశాడు. పదకొండోదాని దగ్గర ఆగాడు.

"ఏరా, ఏమైంది?" అన్నాడు సుభానీ.

"ఏం లే..." అనబోయి మింగేశాడు. "నొప్పిగా ఉందిరా. నువ్వో చెయ్యి వెయ్యి."

ముఠా మొత్తం పని ఆపి చూసింది. ఎవడూ నవ్వలేదు. సుభానీ వచ్చి గోతం రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నెట్టుమీదికి చేర్చాక, చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ ఖాదరూ, నాకూ మోకాలు రెండేళ్లుగా చంపుతోందిరా. ఆ డాక్టరమ్మ బ్రాడీపేటలో ఎక్కడ?"