కల్వర్టు ముందు ఆగిన జీపు

మా బావగారికి శుక్రవారం అంటే జీపుకు తలంటు. బావగారంటే మా ఆయన అన్నగారు. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులకు మేత బస్తాలు మోసే పాత జీపు అది. ప్రతి శుక్రవారం పొద్దున దాన్ని కాలువ రేవులోకి వెనక్కి దించాలి. వెనక చక్రాలు నిండా మునగాలి. అలా మునిగితేనే లక్ష్మి నిలుస్తుందని ఆయనకు ఎవరు చెప్పారో, ఏ శాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కడగడం అయ్యాక పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పదిన్నరకు రాహుకాలం వచ్చేలోపు బండి ఆ నిమ్మకాయల్ని తొక్కి వీధి దాటిపోవాలి. ఆలస్యమైందో, ఆ పూట ఇంట్లో అందరికీ మూడినట్టే.

ఆ జీపుకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉండేవి. డ్రమ్ము అంటే చక్రం వెనక ఉండే ఇనప డబ్బా. పెడల్ తొక్కితే దాని లోపల రెండు బ్రేకు షూలు విచ్చుకుని డబ్బాను ఒరుసుకుంటాయి. అందులోకి కాలువ నీళ్ళు, ఒండ్రు వెళితే ఒక పట్టాన బయటికి రావు. కడిగిన తర్వాత కాసేపు పెడల్ మీద మెల్లగా కాలు ఆనించి నడిపితే ఆ రాపిడి వేడికి షూలు ఆరతాయట. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. మా ఆయనకు ముందే తెలుసు. కానీ బ్రేకులు ఆరేదాకా రాహుకాలం ఆగుతుందా?

ఆ శుక్రవారం మా అత్తగారు పెనుగొండ అమ్మవారి గుడికి వెళతానన్నారు. వెనక మేత బస్తాలు వేశారు, దారిలో చెరువు దగ్గర దింపడానికి. ముందు సీట్లో అత్తగారు, స్టీరింగు దగ్గర మా ఆయన. "పదిన్నర అవుతోంది, కదలండ్రా" అని బావగారు అరుగు మీద నుంచి కేకలు. జీపు నీళ్ళు కారుతూనే బయలుదేరింది. కాలువ గట్టు మీద, కల్వర్టు దగ్గర, సైకిలు మీద గడ్డిమోపుతో ఒకాయన అడ్డం వచ్చాడు. మా ఆయన బ్రేకు తొక్కారు. వెనక ఒక చక్రం పట్టింది, రెండోది పట్టలేదు. జీపు గిర్రున తిరిగి అత్తగారు కూర్చున్న వైపు వెళ్ళి కల్వర్టు గోడకు కొట్టుకుంది. గడ్డిమోపాయనకు గోరంత దెబ్బ తగల్లేదు. అత్తగారి తుంటి ఎముక విరిగింది.

రాజమండ్రి ఆసుపత్రి వరండాలోనే బావగారు తీర్పు చెప్పేశారు. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ అదే మాట. "ఫోను చూసుకుంటూ తోలాడండి. అమ్మని చంపబోయాడు."

మా ఆయన ఫోను ఆ పొద్దున మా గదిలో చార్జింగులో ఉంది. నేనే పెట్టాను. ఆ మాటే అందరి ముందూ అన్నాను. బావగారు నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "ఏమ్మా, నువ్వు పక్కన కూర్చున్నావా?" అని అడిగారు. నేను కూర్చోలేదు. పక్కన కూర్చున్నది అత్తగారు ఒక్కరే. ఆవిడకు మత్తు దిగాక ఏదో ఒకటి చెబుతారని కాచుకుని కూర్చున్నాను. ఆవిడ కళ్ళు తెరిచి, మంచం పక్కన నిలబడ్డ చిన్నకొడుకును చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నారు.

అంతే, జీపు తాళాలు బావగారి మొలలోకి వెళ్ళిపోయాయి. జీతానికి ఒక డ్రైవరు వచ్చాడు. చెరువుల దగ్గరికి వెళ్ళేటప్పుడు మా ఆయన వెనక బస్తాల మీద కూర్చోవాలి. ముందు సీటు ఖాళీగా ఉన్నా సరే. పెళ్ళిళ్ళలో బావగారు కొత్తవాళ్ళకు పరిచయం చేసేవారు: "మా తమ్ముడండి. స్టీరింగుకి దూరంగా పెట్టాం. మీరు నిర్భయంగా మా ఊరు రావచ్చు." అందరూ నవ్వేవారు. మా ఆయన కూడా నవ్వేవారు. వాళ్ళ నవ్వుకు కాదు గానీ ఈయన నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చాక గిన్నెల మీద చూపించేదాన్ని.

అత్తగారు మళ్ళీ నడవలేదు. ఆవిణ్ణి పొద్దున్నే ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం, స్నానానికి తీసుకెళ్ళడం, మళ్ళీ పడుకోబెట్టడం, అన్నీ చేసేది ఎవరనుకున్నారు? ఈ చంపబోయినవాడే. పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి "ఎలా ఉందమ్మా" అని వెళ్ళిపోతే ఆవిడ మొహం విప్పారేది. చిన్నకొడుకు భుజం మీద చేతులు వేసి లేస్తూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు.

మా ఆయనకు కావలసింది ఒక్కటే. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ జీపు మళ్ళీ నడపాలి. నీ తప్పు కాదురా అని ఆ ఇంట్లో ఎవరో ఒకరు అనాలి. నేను రోజూ అనేదాన్ని. పెళ్ళాం మాట లెక్కలోకి రాదు కదా.

ఒకరోజు వాళ్ళన్నయ్య భోంచేసి లేచే సమయం చూసి అడిగారు. "అన్నయ్యా, వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు పెట్టిస్తాను. అవి బయటికే ఉంటాయి, తడిసినా వెంటనే ఆరిపోతాయి. ఆ తర్వాత అమ్మని రాజమండ్రి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

బావగారు చెయ్యి కడుక్కుంటూ, "మార్చు. మార్చాక చూద్దాం" అన్నారు. శుక్రవారం స్నానాలు మానేద్దామని మాత్రం ఎవరూ అనలేదు. మా ఆయన కూడా అనలేదు.

ఆ "చూద్దాం" పట్టుకుని మా ఆయన రాజమండ్రి చుట్టూ తిరిగారు. అక్కడ ఒక మెకానిక్కు దగ్గర కూర్చుని పని చూసి, డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కిపట్టే కాలిపర్లు తెచ్చారు. వాటిని బిగించడానికి లేతు షాపులో బ్రాకెట్లు చేయించారు. హ్యాండు బ్రేకు వైరు తగిలించే వీలున్న కాలిపర్లే కావాలట, లేకపోతే గట్టు మీద నిలబెట్టిన బండి చెరువులోకి పోతుందట. అన్నం తింటూ కూడా అవే కబుర్లు. చాలా రోజుల తర్వాత ఆయన నోట అన్ని మాటలు విన్నాను.

మేత షెడ్డులో జీపును దిమ్మల మీదికి ఎత్తి డ్రమ్ములు విప్పారు. ఎడమ డ్రమ్ములో కాస్త దుమ్ము, అంతే. కుడి డ్రమ్ము వెనక రేకు తుప్పుకు చిల్లుపడి, లోపల కాలువ మొత్తం ఉంది. నల్లటి ఒండ్రు, నాచు, తుప్పు, ఒక బంతిపూరేకు కూడా. ఆయన దాన్ని తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను రెండు చేతులా ప్రసాదంలా పట్టుకుని ఇంట్లోకి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. బావగారు టిఫిను చేస్తున్నారు.

"అన్నయ్యా, చూడు. కుడివైపు పట్టకపోవడానికి ఇదీ కారణం."

బావగారు గుడ్డవైపు చూశారు. కాలువలోకి దించమన్నది ఎవరో, ఆరనివ్వకుండా తరిమింది ఎవరో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. నేను ఆయన కళ్ళు చూశాను, తెలిసింది.

"ఆ గుడ్డ అవతల పడెయ్. పెసరట్టు తింటున్నాను" అన్నారు.

డిస్కులు బిగించడం అయ్యాక బ్రేకు గొట్టాల్లో గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఆయన కింద పడుకుని, కాలిపరుకు సన్నటి గొట్టం తగిలించి, దాని చివర సీసాలో పెట్టారు. "తొక్కు" అంటే తొక్కాలి. "పట్టుకో" అంటే అలాగే ఉంచాలి. "వదులు" అంటే వదలాలి. మొదట పెడల్ పిండిలో కాలు పెట్టినట్టు దిగిపోయేది. సీసాలో బుడగలు తగ్గే కొద్దీ గట్టిపడింది. చివరికి నా బలమంతా పెట్టినా ఇక దిగలేదు.

"గట్టిగా ఉందా?" అని కింద నుంచి అడిగారు.

"ఉందండి."

కాలిపరు నట్టు బిగించారు. తర్వాత, "ఆ రోజూ అంతే గట్టిగా తొక్కానే" అన్నారు. నేను పెడల్ మీద కాలు తియ్యకుండా అలాగే కూర్చున్నాను.

పరీక్షకు బావగారు శుక్రవారమే పెట్టారు. జీపును మామూలుకంటే ఎక్కువసేపు కాలువలో ఉంచారు. చోద్యం చూడటానికి గట్టు మీద జనం చేరారు. ఇటునుంచి వేగంగా వచ్చి కల్వర్టు ముందు ఆపాలన్నారు బావగారు. మా ఆయన సరేనన్నారు. అప్పుడు బావగారి చూపు నా మీద పడింది.

"నీ పెళ్ళాన్ని కల్వర్టు దగ్గర నిలబెట్టరా. అంత నమ్మకం ఉన్న బ్రేకులు కదా."

మా ఆయన "వద్దన్నయ్యా" అన్నారు.

"చూశారండీ, వీడి పనిమీద వీడికే నమ్మకం లేదు" అని బావగారు జనంవైపు తిరిగారు. పోనీలెండి అని ఒక్కరూ అనలేదు. అందరికీ వినోదం కావాలి.

నేను వెళ్ళి దారి మధ్యలో నిలబడ్డాను. ధైర్యం నాకెక్కడిది, కోపం ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టింది. నీళ్ళు కారుతూ జీపు వస్తోంది. అద్దం వెనక ఆయన మొహం కనిపిస్తోంది. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే అది చూసి బావగారు నవ్వుతారని. జీపు తోక తిప్పలేదు, పక్కకు లాగలేదు, గీత గీసినట్టు వచ్చి ఆగింది. ఇంజను వేడి నా పొట్టకు తగిలింది. మా ఆయన స్టీరింగు మీద తల వాల్చేశారు.

బావగారు నింపాదిగా వచ్చి వంగి వెనక చక్రాలు చూశారు. "బండి బాగా కుదిరిందిరా" అని చెయ్యి చాపారు. మా ఆయన అలవాటుగా తాళాలు ఆ చేతిలో పెట్టారు. బావగారు వాటిని డ్రైవరుకు ఇచ్చి, "రేపు అమ్మని రాజమండ్రి తీసుకెళ్ళు. జాగ్రత్త" అన్నారు.

"అన్నయ్యా, మార్చాక చూద్దామన్నావు కదా."

"చూశాను కదరా. బ్రేకులు బాగున్నాయి. నిన్నెవరు బాగుచేస్తారు?"

జనం నవ్వారు. డ్రైవరు తలొంచుకున్నాడు. మా ఆయన ఈసారి నవ్వలేదు.

నేను ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. అత్తగారు చక్రాల కుర్చీలో కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని గోంగూర వలుస్తున్నారు. కల్వర్టు దగ్గర జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. "మీరు పక్కనే ఉన్నారు అత్తయ్యగారు. ఆయన బ్రేకు తొక్కారా లేదా? ఈ రోజు చెప్పి తీరాలి" అన్నాను.

ఆవిడ ఆకు వలవడం ఆపలేదు. "తొక్కాడు. నేను చూశాను. సీట్లోంచి లేచి మరీ తొక్కాడు. ఫోనూ లేదు, గీనూ లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే పెద్దాడు నలుగురిలో ఎలా తిరుగుతాడే? కాలువలో ముంచి తరిమింది వాడు. వాడు మాట పడలేడు. వీడైతే పడతాడు, చిన్నప్పటినుంచీ అలవాటే."

గుమ్మంలో చప్పుడైంది. మా ఆయన వచ్చి నిలబడి ఉన్నారు. అంతా విన్నారని ఆయన్ని చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు ఆ పళ్ళెం ఎత్తి విసిరేస్తారు అనుకున్నాను. దేవుడా, ఒక్కసారి అరవనీ అనుకున్నాను.

"చూశావా అమ్మా?" అన్నారు.

"చూశానురా."

"సరే" అన్నారు. వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని గోంగూర వలవడం మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నం ఆయన కడుపునిండా భోంచేశారు. మారు వడ్డించమన్నారు, బాగుందన్నారు. ఎదురుగా కూర్చున్న నాకు ముద్ద దిగలేదు.